చుక్కలమ్మ గీసిన బావి

హాజరు పుస్తకంలో తప్ప ఆమె అసలు పేరు ఆఫీసులో ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ ఆమె చుక్కలమ్మ.

సర్వే ఆఫీసులో పటాలకు నకళ్ళు గీసే పని ఆమెది. కింద దీపం వెలిగే గాజుబల్ల, దాని మీద కొలతల కాగితం, ఆ పైన నునుపుగా మెరిసే నకలు గుడ్డ, చేతిలో సన్నపాళీ కలం. ఇరవై రెండో ఏట ఆ బల్ల ముందు కూర్చుని యాభై ఎనిమిదో ఏట లేచింది. చేరిన మొదటి వారమే పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ ఆమె చేత ఒక మూల బెత్తెడు ఎడారి గీయించాడు. పటంలో ఎడారి అంటే చుక్కలే. ఒక చుక్క ఇంకోదాన్ని తాకకూడదు. అలాగని వరసలు కట్టకూడదు, కడితే ఎడారి కాస్తా తోటలా కనిపిస్తుంది. మగ ట్రేసర్లు గంటసేపు పెట్టేసరికి విసుగెత్తి, చివర్లో చుక్కలకి తోకలు మొలిపించేవాళ్ళు. ఈ పిల్ల మాత్రం పదింటికి తల దించి టీ గంట కొట్టాక ఎత్తింది. పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి ఆ బెత్తెడు ఇసుకా చూసి, "అమ్మా, ఇవాళ్టినుంచి ఈ ఆఫీసులో ఇసుకంతా నీదే" అన్నాడు. పేరు అలా పడింది.

కొండలు కూడా గీసేది. ఎత్తు పెరిగిన ప్రతి వంద అడుగులకీ ఒక గోధుమరంగు గీత. గీతలు దగ్గరగా ఉంటే నిట్టనిలువు కొండ, ఎడంగా ఉంటే పశువులు మేసే వాలు. ముప్పై ఆరేళ్ళలో ఆమె ఎన్ని కొండలు గీసిందో లెక్క లేదు. ఒక్క కొండా ఎక్కలేదు. ఎడారి సంగతి సరేసరి. ఆమెకి తెలిసిన ఇసుకల్లా ఎదురింటివాళ్ళు మేడ కట్టినప్పుడు వీధిలో పోసిన కుప్పే.

భర్త నీటి మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఊరంతా కాళ్ళతో కొలిచిన మనిషే గానీ చక్రాల మీద ఊరు దాటలేడు. బస్సు రెండో మలుపు తిరిగేసరికి ఆయన కడుపు మూడో మలుపు తిరిగేది. అందుకని పెళ్ళైన ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఇద్దరూ కలిసి చేసిన ప్రయాణాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వేళ్ళు మిగులుతాయి కూడా.

తను రిటైరైన మూడో నెలలో ఒకరోజు పొద్దున్న, ఆయన టీలో రొట్టె ముంచుతుండగా చుక్కలమ్మ చెప్పింది.

"నేను కొండలూ ఎడారీ చూసొస్తానండీ. నెలరోజులు."

రొట్టె ముక్క టీలో పడిపోయింది. "ఎవరితో?"

"ఎవరితో ఏముంది, నేనే."

"వీపుకి సంచీ తగిలించుకునా? ఆ కుర్రకారులాగా? చూసినవాళ్ళు ఏమనుకుంటారే?"

"గూనిది అనుకుంటారు. అనుకోనివ్వండి."

ఆయన మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు బజారుకి వెళ్ళి రబ్బరు అడుగున్న బూట్లు తెచ్చి, పెట్టె మూత తీయకుండానే ఆమె మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. అయిదో రోజు మేడ మీద గదిలో ఉండే తన చెల్లెలి దగ్గరికి వెళ్ళి, "నువ్వు తోడు వెళ్ళు. మీ వదినకి పటం మీద దారి తెలుసు గానీ రోడ్డు మీద తెలీదు" అని బతిమాలుకున్నాడు.

ఈ ఆడపడుచు గురించి చెప్పాలి. చుక్కలమ్మకంటే ఏడేళ్ళు చిన్నది. పెళ్ళి వద్దనుకుంది. పెద్దాసుపత్రి చాకిరేవు గదిలో, అదే, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే విభాగంలో, రోజుకి నాలుగు వందల దుప్పట్లు మడతపెట్టే మనిషి. ముంజేతులు చూస్తే పహిల్వాన్లే పక్కకి తప్పుకోవాలి. మాట తక్కువ. చుక్కలమ్మ కొత్తకోడలుగా ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు కింద గది ఖాళీ చేసి, తన పుస్తకాలూ పరుపూ మోసుకుని మేడ మీది చిన్నగదికి వెళ్ళిపోయింది ఈ పిల్లే. అప్పుడు ఇరవై ఏళ్ళు. ఎవరూ ఆమెని అడగలేదు, "ఫలానా రోజుకి ఖాళీ చేయాలి" అన్నారంతే. ఆమె గొడవ పడలేదు. పడినా బాగుండేది, ఓ పూట అరుచుకుని సర్దుకునేవాళ్ళు. ఆనాటి నుంచీ వదినని "మీరు" అంది. చూసేవాళ్ళకి అది గౌరవం. ఆ ఇద్దరికీ మాత్రం అది గోడ అని తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు గోడకి ఇటొకరూ అటొకరూ మర్యాదగా బతికారు. పండు కోస్తే సగం పైకి వెళ్ళేది, కూర వండితే గిన్నె కిందికి వచ్చేది. మాటలే రాకపోకలు మానేశాయి.

అన్నయ్య బతిమాలాక ఆమె ఆసుపత్రిలో దాచుకున్న సెలవులన్నీ ఒక్కసారే పెట్టేసింది. "వస్తాను వదినా. మీకు అభ్యంతరం లేకపోతే" అంది.

చుక్కలమ్మకి కొంచెం అభ్యంతరమే. ఒంటరిగా వెళ్ళాలని ఉండింది. కారణమూ ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. అయినా "రా అమ్మా, మంచిదే" అంది.

ఇద్దరూ రెండు రోజులు రైల్లో, ఒక రోజు బస్సులో వెళ్ళి కొండల కాళ్ళ దగ్గర దిగారు. చుక్కలమ్మ సంచిలో అన్నిటికన్నా జాగ్రత్తగా మడత పెట్టుకున్నది ఒక షీటు. ఆఫీసులో చిత్తు కింద పారేయబోతే అడిగి తెచ్చుకున్న అచ్చు ప్రతి. ఎడమ సగం కొండలు, కుడి సగం ఎడారి. పంతొమ్మిదేళ్ళ కిందట తన చేత్తో పద్నాలుగు నెలలు గీసిన షీటు అది.

మొదటి రోజు ఎక్కుడులోనే ఆమెకి జ్ఞానోదయమైంది. ఒక మలుపులో రాయి మీద కూలబడి, ఊపిరి అందాక, షీటు విప్పి వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో, పొద్దున్నుంచీ మనం ఎక్కింది ఈ ఎనిమిది గీతలు. ఒక్కో గీత గీయడానికి నాకు అర నిమిషం పట్టేది. ఎక్కడానికి అరగంట పడుతోంది."

"కాస్త ఎడంగా గీయాల్సింది వదినా" అంది ఆడపడుచు, నీళ్ళ సీసా అందిస్తూ.

ఆమె హాస్యమాడుతుందని చుక్కలమ్మకి అప్పటిదాకా తెలియదు. నీళ్ళు పొలమారాయి.

అలా తొమ్మిది రోజులు నడిచారు. ఊరినుంచి ఊరికి, బాటసారుల గదుల్లో బస. ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టె, పొగలు కక్కే టీ. చుక్కలమ్మ దారి పొడుగునా చిన్నపిల్లలా గుర్తుపట్టేది. "ఈ వాగు తెలుసు నాకు! ఇక్కడ రెండు పాయలవుతుంది చూడు" అంటే నిజంగానే అయ్యేది. తన గీతల్లో లేనివి చూసి మురిసిపోయేది. రాళ్ళ సందుల్లో ఊదారంగు పూలు, మబ్బు నీడ కొండ మీద నుంచి జారిపోవడం, మంచు మీద నడిస్తే కాళ్ళ కింద పంచదార నలిగినట్టు చప్పుడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నిటికన్నా ఎత్తైన కనుమ దాటారు. అవతల వాలు దిగుతూ, ఎక్కడా కాలు జారకుండా, సాయంత్రానికి లోయలో బస చేరారు.

చేరి, వేడినీళ్ళు దొరుకుతాయన్న సంతోషంలో, స్నానాల గది ముందున్న ఒకే ఒక్క తడిమెట్టు మీద చుక్కలమ్మ జారిపడింది. కుడిచెయ్యి ఆనించింది. కట్టెపుల్ల విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది.

లోయలో రెండు గదుల ఆసుపత్రి ఉంది. కూతురి వయసున్న డాక్టరమ్మ ఫోటో తీసి వెలుగుకి పట్టి చూపించింది. మణికట్టు దగ్గర ఎముక రెండుగా విడిపోయి ఉంది. చుక్కలమ్మకి నొప్పిలో కూడా అదొక నది పాయలా కనిపించింది. ఎముక సరిచేసి, అరచెయ్యి నుంచి మోచేతి కింది దాకా తెల్లటి కట్టు వేశారు.

"ఆరు వారాలు తడవకూడదు, బరువెత్తకూడదు. చెయ్యి కిందికి వేలాడదీయకూడదు" అంది డాక్టరమ్మ.

"ప్రయాణం చేయొచ్చా?"

"ఎక్కడిదాకా?"

"ఎడారికి."

డాక్టరమ్మ ఆమె తెల్లజుట్టు వంకా, బూట్ల వంకా చూసింది. "మామూలుగా చేతుల మీద నడుస్తారా?"

"లేదమ్మా."

"అయితే కాళ్ళు బాగానే ఉన్నాయి. మూడు రోజులు ఇక్కడే ఉండండి. వాపు తగ్గాక మళ్ళీ ఫోటో తీస్తాను. వేళ్ళు నీలంగా మారితే మాత్రం ఎక్కడున్నా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి."

భర్తకి ఫోన్ చేయక తప్పలేదు. ఆయన విన్న వెంటనే మొదలుపెట్టాడు. "ఏనుగు వెళ్ళి తోక దగ్గర చిక్కిందట! అంత కొండ దాటి మెట్టు మీద పడతావుటే? చాల్లే, చూసింది చాలు. వచ్చేయండి. వారంలో ఇంటి దగ్గరుండాలి." ఆయన కంగారు తెలిసి ఆమె ఎదురు చెప్పలేక "ఊఁ" అంది.

ఫోన్ పెట్టాక ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆడపడుచు ఎదురుగా రెండు సంచులూ సర్దుతోంది. "మూడు రోజులయ్యాక పై రోడ్డు మీదకి బస్సు ఉందట వదినా. వెనక్కి పోవచ్చు" అంది.

చుక్కలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి విరిగినప్పుడు రానివి ఇప్పుడొచ్చాయి.

"నొప్పిగా ఉందా?"

"అది కాదు. నేను ఎడారికి వెళ్ళాలి. షికారుకి కాదు. అక్కడ నేనొక తప్పు చేశాను."

ఆడపడుచు సంచి తాడు కట్టడం ఆపింది. చుక్కలమ్మ ఎడమచేత్తో కష్టపడి షీటు విప్పి, కుడివైపు, చుక్కల మధ్య, ఆవగింజంత నీలం సున్నా చూపించింది.

"నీలం సున్నా అంటే నీళ్ళున్న బావి. ఈ షీటుకి కొలతలు తీసిన సర్వేయరు జబ్బుపడి సెలవులో ఉన్నాడు. ఆయన పుస్తకంలో ఈ చోట గుండ్రంగా ఓ గుర్తుంది. బావి గుర్తులాగే ఉంది. కానీ రంగు కాస్త ఎర్రగా ఉంది. టీ చుక్క పడి ఎండితే అంచు మిగులుతుంది చూడు, అలాగ. అడుగుదామంటే ఆయన లేడు, పెద్దాయనా ఊళ్ళో లేడు. సోమవారం అచ్చుకి పోవాలి. పోనీలే, నీళ్ళున్నాయని చెప్పడం మంచి మాటే కదా అనుకుని పెట్టేశాను. బస్సెక్కి ఇంటికొస్తుంటే తట్టింది. లేని చోట ఉందని చెప్తే, దాన్ని నమ్ముకుని ఎవరైనా సీసాలో నీళ్ళన్నీ తాగేసి అక్కడిదాకా నడిస్తే?"

"తర్వాత ఆ సర్వేయర్ని అడగలేదా?"

"నాలుగు నెలల తర్వాత అడిగాను. 'గుర్తులేదమ్మా, ఉండే ఉంటుంది' అన్నాడు. ఆ 'ఉండే ఉంటుంది' పంతొమ్మిదేళ్ళుగా నన్ను తింటోంది. పేపర్లో ఎడారిలో దారి తప్పాడని వార్త ఉంటే ఊరి పేరు చూసేదాకా నాకు ముద్ద దిగదు."

"అన్నయ్యకి చెప్పలేదా?"

"ఆయనకి చెప్తే ఇద్దరికీ ముద్ద దిగదు."

ఆడపడుచు చాలాసేపు ఆ నీలం సున్నా వంక చూసింది. తర్వాత లేచి తన సంచి వీపుకి తగిలించుకుంది. వదిన సంచి ఎత్తి ఛాతీకి తగిలించుకుంది. ముందూ వెనకా సమంగా ఉన్నాయో లేదో ఒకసారి ఎగిరి చూసుకుంది.

"అదేమిటి, రెండూ నువ్వేనా?"

"తడి దుప్పట్ల మూటలు మోసినదాన్ని. ఇవి దిండ్లు" అంది. ఫోన్ తీసుకుంది. "అన్నయ్యా, నేనే. మేం రావట్లేదు... అరవకు. చెయ్యి ఆవిడది, మోసేది నేను. డాక్టరమ్మ సరేనంటేనే కదులుతాం. నువ్వు పంపిందే తోడుండమని కదా, ఉంటున్నాను... ఏం తిన్నావు? ...పొద్దున్నా రొట్టె, ఇప్పుడూ రొట్టేనా? కూర చేసుకో. ఉల్లిపాయ కోస్తే చావవు." పెట్టేసింది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె అన్ని మాటలు ఒక్క బిగిన మాట్లాడటం చుక్కలమ్మ ఎరగదు.

నాలుగో రోజు డాక్టరమ్మ రెండోసారి ఫోటో చూసి తల ఊపింది. కొండల అవతలి వాలు దిగే బస్సు ఎక్కారు. రెండు రోజుల దారి. ఒక్క చేత్తో బతకడం ఎంత కష్టమో చుక్కలమ్మకి తెలిసొచ్చింది. బూటు తాడు కట్టుకోలేదు, గుండీ పెట్టుకోలేదు, గుడ్డు పెంకు ఒలుచుకోలేదు. అడగడానికి మొహమాటం. అడక్కుండానే ఆడపడుచు చేసేది, అలవాటైన ఆసుపత్రి మనిషిలాగా, మాట్లాడకుండా. కట్టు లోపల దురద పుడితే తువ్వాలుతో పైనుంచి విసిరేది. బస్సులో కునికినప్పుడు విరిగిన చెయ్యి కిందికి జారకుండా తన భుజం మీద పెట్టుకుని కూర్చునేది. అలా గంటల తరబడి కూర్చుంటే ఆమె భుజం తిమ్మిరెక్కేది. చుక్కలమ్మ నిద్ర నటిస్తూ అది గమనించేది.

ఎడారి అంచున ఉన్న ఊళ్ళో దిగేసరికి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంది. బస గదిలో ఒక కిటికీ, ఒక పంకా, రెండు నులక మంచాలు. పొద్దున్న ఆడపడుచు దువ్వెన పట్టుకుని వదిన వెనక కూర్చుంది. వారం రోజులుగా పైపైన ముడి వేసుకున్న జుట్టు చిక్కుపడి తాడైంది. ఒక్కో పాయా విడదీస్తుంటే చుక్కలమ్మ "అబ్బా", "అమ్మా" అంటూ మెలికలు తిరిగింది.

"కదలకుండా కూర్చో వదినా. నువ్విలా గింజుకుంటే ఎలా?"

దువ్వెన ఆగింది. ఆ మాట గదిలో ఇద్దరికీ వినపడింది. చుక్కలమ్మ వెనక్కి తిరగకుండానే అంది.

"ఆ గది నీదని నాకు అప్పుడు తెలీదే. వచ్చిన నెలకి తెలిసింది. గోడ మీద నీ ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలున్నాయి. అడుగుదామనుకున్నాను. ఏమని అడగాలో తెలీలేదు. వెల్ల వేయిస్తున్నప్పుడు ఆ గోడ ఒక్కటీ వదిలేయమన్నాను."

"తెలుసు" అంది ఆడపడుచు. "బీరువా పక్కకి జరిపి చూశాను ఒకసారి. మీరు... నువ్వు ఆఫీసుకి వెళ్ళినప్పుడు."

మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది. ఈసారి నెమ్మదిగా.

షీటు మీద ఉన్న ఆఖరి ఊరికి మామూలు బస్సు లేదు. నీళ్ళ ట్యాంకరు వెళ్తుందంటే దాన్ని పట్టుకున్నారు. డ్రైవరు మీసాలాయన, మంచి మాటకారి. ముందు సీట్లో ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని, "ఏం చూడ్డానికి వస్తున్నారమ్మా ఇంత దూరం?" అని అడిగాడు.

"బావి."

ఆయన స్టీరింగు మీద కొట్టి నవ్వాడు. "నేను ఆ ఊరికి నీళ్ళు మోస్తుంటే మీరు అక్కడ బావి చూడ్డానికి వస్తున్నారా? బాగుంది తల్లీ!"

చుక్కలమ్మ ఆ తర్వాత దారంతా అద్దంలోంచి బయటికి చూస్తూ ఉంది. ఎడారి తన చుక్కల్లా లేదు. తను ప్రతి చుక్కా ఒకే దూరంలో పెట్టింది. ఇక్కడ గాలి తన ఇష్టమొచ్చినట్టు ఒకచోట ఇసుకని మడతలు పెట్టి, ఇంకోచోట ఊడ్చి పారేసి కింద నల్లరాళ్ళు బయటపెట్టింది. ముళ్ళపొదలున్నాయి. ఎక్కడో ఒక పిట్ట కూడా కూసింది. అయినా, ఎండలో మైళ్ళ దూరం పరుచుకున్న ఆ మౌనం మాత్రం ఆమెకి బాగా తెలిసినదే. టీ గంట కొట్టేదాకా తల ఎత్తకుండా ఆ మౌనంలోనే కూర్చునేది.

ఊరంటే పది మట్టి ఇళ్ళు. మేకల్ని తోలుకెళ్తున్న ఒక అవ్వ కనిపించింది. చుక్కలమ్మ షీటు విప్పి అడిగింది. అవ్వ దాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూసింది.

"మా ఊరేది ఇందులో?"

"ఈ నాలుగు నల్ల గళ్ళు అవ్వా."

"పది ఇళ్ళు కదే?"

"అప్పటికి నాలుగేనట."

"ఆఁ, నిజమే. నాలుగే" అని అవ్వ సంతోషించింది. "అయితే నీ కాగితం అబద్ధం చెప్పదన్నమాట."

"చెప్పిందేమో అనే వచ్చాను" అంది చుక్కలమ్మ.

మర్నాడు ఎండెక్కక ముందే ముగ్గురూ, వెనక మేకలూ బయల్దేరారు. షీటు లెక్కన నాలుగు మైళ్ళు. ఆడపడుచు సంచుల్లో నీళ్ళ సీసాలూ, షీటూ, వదిన గీతల సరంజామా తప్ప ఇంకేమీ పెట్టలేదు. రెండు గంటలు నడిచాక చుక్కలమ్మ ఆగింది. షీటులో ఉన్నట్టే వెనక ఉత్తరం గుట్ట, ముందు జోడుగుట్టలు. వాటి మధ్య గీత గీస్తే సరిగ్గా ఇక్కడే. చుట్టూ చూసింది. గట్టినేల, గులకరాళ్ళు. గుంట లేదు, రాతివరస లేదు, పాత తాడు ముక్క కూడా లేదు. గుండ్రంగా తిరిగింది. ఇంకా పెద్ద గుండ్రంగా తిరిగింది.

"అవ్వా, ఇక్కడ ఎప్పుడైనా బావి ఉండేదా? మీ అత్తగారి కాలంలోనైనా?"

"లేదే. ఇక్కడ తవ్వితే రాయే. మేక కూడా ఆగదు ఇక్కడ."

చుక్కలమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "ఎవరైనా... ఈ కాగితం పట్టుకుని నీళ్ళ కోసం వచ్చి..."

"చచ్చారా అనా?" అవ్వ కర్ర ఆనించుకుని ఆమె ముందు చతికిలబడింది. "ఏమ్మా, నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. కాగితం నమ్ముకుని ఎడారిలోకి ఎవడొస్తాడే? మనిషిని అడుగుతాడు. 'నీళ్ళెక్కడ?' అని నన్నడుగుతాడు, లేకపోతే ట్యాంకరు మీసాలోడిని అడుగుతాడు. కాగితం పట్టుకుని వచ్చింది ఇన్నేళ్ళలో నువ్వొక్కదానివే. నువ్వు కూడా ముందు నన్నే అడిగావు కదా!"

చుక్కలమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఏడుపు వస్తుందేమో అని ఆడపడుచు దగ్గరికి జరిగింది. కానీ వచ్చింది నవ్వు. మొదట ముక్కుతో, తర్వాత కడుపుతో, కట్టు కట్టిన చెయ్యి ఊగేలా నవ్వింది. పంతొమ్మిదేళ్ళు తాను మోసిన బావి గురించి ఇక్కడ మేకకి కూడా తెలియదు. నవ్వీ నవ్వీ చివర్లో కాస్త ఏడ్చింది కూడా. ఆడపడుచు నీళ్ళ సీసా మూత తీసి నోటికందించింది.

"అసలు నీళ్ళు చూస్తారా మరి?" అంది అవ్వ లేస్తూ. "ఉన్నాయి. మా మేకలకి చాలినన్ని. ఇంకో గంట నడవాలి."

ఆ బావి ఒక గుట్ట నీడలో, రాళ్ళ వెనక దాక్కుని ఉంది. మూర వెడల్పు కూడా లేదు. చేద దింపితే చాలాసేపటికి నీటి చప్పుడు వినిపించింది. నీళ్ళు కొంచెం ఉప్పగా, చల్లగా ఉన్నాయి. షీటు మీద అక్కడ ఏ గుర్తూ లేదు. చుక్కలే ఉన్నాయి.

చుక్కలమ్మ సంచిలోంచి ఆఫీసు బ్లేడు, నీలం సిరా కలం తీయించింది. తప్పు గీతని గీకి తీసే పద్ధతి ఉంది. బ్లేడు పడుకోబెట్టి, కాగితానికి గాయం కాకుండా, పొట్టు రాల్చినట్టు గీకాలి. కుడిచెయ్యి పనికిరాదు. "నువ్వు గీకు" అంది.

"నేనా? చిరిగిపోతే?"

"రోజుకి నాలుగు వందల దుప్పట్లు ఒక్క ముడతైనా లేకుండా చేస్తావు. నీ చెయ్యి నాకు తెలీదా?"

ఆడపడుచు షీటుని మోకాళ్ళ మధ్య బిగించి, ఊపిరి బిగబట్టి, ఆ ఆవగింజంత సున్నాని గీకింది. వదిన చెవి దగ్గర చెప్తూ ఉంది: "ఇంకొంచెం... ఒత్తకు... ఊదు." నీలం పొడి గాలికి ఎగిరిపోయింది. తర్వాత చుక్కలమ్మ గుట్టల వరసలు చూసి, వేళ్ళతో దూరం కొలిచి, ఎడమచేత్తో కొత్త చోట సున్నా పెట్టింది. అది వంకరగా, బంగాళాదుంపలా వచ్చింది. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో అంత వికారమైన గుర్తు ఆమె పెట్టలేదు. చాలాసేపు దాన్ని చూసుకుంది. అవ్వ కూడా వంగి చూసి, "ఇదేనా మన బావి? అచ్చం అలాగే ఉంది" అంది.

ఇంకో ఆరు రోజులు ఆ ఊళ్ళోనే ఉండి, చుట్టుపక్కల ఇసుక దిబ్బలన్నీ ఎక్కి దిగి, ఇంటికి చేరారు. భర్త గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. కట్టు మురికి పట్టి గోధుమరంగుకి తిరిగింది. మొహాలు మాడి ఉన్నాయి. ఆయన లోపలికి వెళ్ళి, మూతపెట్టిన గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉల్లిపాయ కూర. ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరూ వంక పెట్టకుండా తినేశారు. బావి సంగతి ఆ మధ్యాహ్నం ఆయనకి చెప్పింది చుక్కలమ్మ. ఆయన అంతా విని, "పంతొమ్మిదేళ్ళా? నాకు చెప్తే నేనే వెళ్ళి చూసొచ్చేవాణ్ణి కదే" అన్నాడు. ఆడపడుచు మేడమెట్ల మీదినుంచి పకపకా నవ్వితే ఆయనకి కోపం వచ్చింది, పోయింది.

సర్వే ఆఫీసుకి ఎడమచేతి రాతతో రెండు పేజీల ఉత్తరం రాసింది. నెల తర్వాత జవాబొచ్చింది. ఇప్పుడు పటాలు వేరే పద్ధతిలో తయారవుతున్నాయనీ, అయినా ఆమె చెప్పిన బావిని స్థలానికి వెళ్ళి చూసిన సమాచారంగా నమోదు చేశామనీ. కట్టు విప్పాక మణికట్టు పూర్తిగా తిరగలేదు. సన్నపాళీ పట్టుకోలేదు. కొన్నాళ్ళు బాధపడింది. తర్వాత ఎడమచేత్తో కూరగాయలు తరగడం, ఉత్తరాలు రాయడం నేర్చుకుంది. మేడ మీది గదికి ఇప్పుడు పండు సగం పంపడం లేదు. కోసినప్పుడే ఇద్దరూ కూర్చుని తింటారు. ఏమే అంటే ఏమే అనుకుంటున్నారు. అప్పుడప్పుడూ దెబ్బలాడుకుంటున్నారు కూడా, గట్టిగానే.

మొన్న ఒకరోజు అన్నం డబ్బా ఇవ్వడానికి చుక్కలమ్మ ఆసుపత్రి ఇస్త్రీ గదికి వెళ్ళింది. ఆవిరి పొగల మధ్య, మడతపెట్టిన దుప్పట్ల గుట్టల మధ్య, ఆడపడుచు చుట్టూ పదిమంది ఆడవాళ్ళు చేరి ఉన్నారు. ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి, నోరు కథ చెప్తోంది. కనుమ మీద మంచు మెడదాకా ఉందట. వదినని భుజాన వేసుకుని దాటించిందట. ఎడారిలో ట్యాంకరు ఇసుకలో కూరుకుపోతే ఇద్దరూ తోశారట.

వెంట్రుకవాసి తేడా వస్తే షీటు మొత్తం మళ్ళీ గీసిన మనిషి చుక్కలమ్మ. మంచు చీలమండ దాటలేదు. ట్యాంకరు ఎక్కడా ఆగలేదు. వింటున్న వాళ్ళలో ఒకామె తిరిగి, "నిజమేనా అమ్మా? మెడదాకానా?" అని అడిగింది.

చుక్కలమ్మ డబ్బా బల్ల మీద పెట్టి, ఒక బోర్లించిన బుట్ట మీద కూర్చుంది.

"దానికి మెడదాకా" అంది. "నేను పొట్టిదాన్ని. నాకు తల మునిగిపోయింది."